తొమ్మిది సీసీల కథ

పాత అంబాసిడర్ ఇంజిన్ హెడ్‌ను ఎంత కోయాలి? హైదరాబాద్ నాంపల్లి గ్యారేజీలో పుట్టే ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ వందేళ్ల కిందట కొందరు కళ్లలో వత్తులు వేసుకుని పనిచేశారు. ఆ వెతుకులాటలో దొరికిన తప్పుడు జవాబుకు కొందరు కార్మికులు ప్రాణాలే ఇచ్చుకున్నారు.

నాంపల్లి స్టేషన్ దాటి బజార్‌ఘాట్ వైపు వెళ్తే మోటారు పనుల చప్పుడు మొదలవుతుంది. పాత అంబాసిడర్ ఇంజిన్‌ను దించి, విప్పి, బల్ల మీద పరిచిన ఏ గ్యారేజీలోనైనా యజమానికీ ఉస్తాద్‌కూ మధ్య ఈ మాట రాక మానదు.

"బోరింగ్ ఎట్లాగూ చేపిస్తున్నం గద సార్. హెడ్ గూడ జర కోపిద్దం. పికప్ మస్తుగొస్తది."

"ఎంత కోపియ్యాలె ఉస్తాద్?"

"కొలిసి చెప్తా సార్. ఊకె కోస్తే రేపు ఎండల పిస్టన్ పోతది."

మంచి ఉస్తాద్ ఇచ్చే జవాబు ఇదే. కొలవనిదే కోయకూడదు.

కొలత ఇలా సాగుతుంది. హెడ్‌ను తిరగేసి పెడతారు. వాల్వులు, ప్లగ్గు బిగిస్తారు. మంట పుట్టే గది అంచుల చుట్టూ సన్నగా గ్రీజు రాసి, నడుమ చిల్లున్న గాజు పలకను దాని మీద అతికిస్తారు. గీతలున్న గాజు గొట్టంలోంచి కిరోసిన్‌ను ఆ చిల్లులోకి బొట్టు బొట్టుగా వదులుతారు. గది నిండేసరికి ఎన్ని సీసీలు పట్టిందో గొట్టం మీది గీత చెబుతుంది. గాస్కెట్ మందం వల్ల వచ్చే చోటునూ, పిస్టన్ నెత్తి మీది గుంటనూ దానికి కలుపుకోవాలి. పిస్టన్ కింద ఉన్నప్పుడు సిలిండర్‌లో ఉండే మొత్తం చోటును, పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో.

1957లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌ను మొదలుపెట్టింది. అసలు బండి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. రెండేళ్ల తర్వాత దీనికి 1489 సీసీల బి-సిరీస్ ఇంజిన్ వచ్చింది. నాలుగు సిలిండర్లు. ఒక్కోదాని వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 88.9 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో పిస్టన్ కిందికి దిగినప్పుడు 372 సీసీల పెట్రోలు-గాలి మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ఈ ఇంజిన్‌ను రెండు రకాలుగా తయారుచేసింది. నాసిరకం పెట్రోలు దొరికే చోట్లకు 7.2 కంప్రెషన్‌ది, మంచి పెట్రోలు ఉన్నచోట్లకు 8.3ది. 7.2 ఇంజిన్‌లో పిస్టన్ పైకి చేరాక మిగిలే చోటు 60 సీసీలు. 8.3 ఇంజిన్‌లో 51 సీసీలు.

తేడా 9 సీసీలు. హెడ్ కోసి ఆ కాస్త చోటును తగ్గిస్తే పుస్తకాల లెక్క ప్రకారం అదే పెట్రోలుకు నాలుగున్నర శాతం ఎక్కువ పని వస్తుంది. మరి అందరూ ఎందుకు తగ్గించలేదు? ఇంకా తగ్గించి పది, పన్నెండు దాకా ఎందుకు పోలేదు? పోనివ్వని అడ్డు ఒకటుంది. దాన్ని ఉస్తాద్‌లు నాకింగ్ అంటారు. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుండే ఆ మోతను ఎత్తు ఎక్కేటప్పుడు, టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు పాత బండ్లు నడిపినవాళ్లంతా వినే ఉంటారు.

డేటన్‌లో వినిపించిన మోత

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ పట్టణం. సంవత్సరం 1916. చార్లెస్ కెటరింగ్ అప్పటికే పేరున్న ఇంజనీర్. 1912 క్యాడిలాక్ కార్లకు సెల్ఫ్ స్టార్టర్ పెట్టింది ఆయనే. హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ నుంచి డ్రైవర్లను తప్పించిన మనిషి. అయితే ఆ కార్లలో నాకింగ్ వినిపించేసరికి, ఆయన పెట్టిన బ్యాటరీ ఇగ్నిషన్ వల్లే ఇంజిన్ కొడుతోందని కొందరు నింద వేశారు. పల్లెటూళ్లలో దీపాల కోసం ఆయన కంపెనీ అమ్మిన కిరోసిన్ ఇంజిన్లు అంతకన్నా గట్టిగా మోగుతున్నాయి. నింద నిజమా కాదా తేల్చమని తన దగ్గర కొత్తగా చేరిన ఓ కుర్ర ఇంజనీర్‌కు కెటరింగ్ పని అప్పగించాడు. ఆ కుర్రవాడి పేరు థామస్ మిడ్జ్‌లీ. వయసు 27. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. రసాయన శాస్త్రం అతని చదువు కాదు.

మిడ్జ్‌లీ సిలిండర్‌కు క్వార్ట్జ్ కిటికీ పెట్టాడు. టమాటా డబ్బాకు ఫిల్మ్ చుట్టి, దాన్ని తిప్పుతూ లోపలి మంటను ఫొటో తీశాడు. నిప్పురవ్వ ముందుగానే పడి మోత పుడుతోందని అప్పటిదాకా చాలామంది నమ్మారు. ఫొటోలు వేరే సంగతి చెప్పాయి. రవ్వ సమయానికే పడుతోంది. మంట సవ్యంగానే పుడుతోంది. కొంపముంచేది చివర్లో జరుగుతోంది.

ప్లగ్గు దగ్గర పుట్టిన మంట గదిలో ముందుకు పాకుతుంది. అది పాకేకొద్దీ, ఇంకా అంటుకోని మిశ్రమం అవతలి మూలకు నెట్టుకుపోయి మరింత నలుగుతుంది, మరింత వేడెక్కుతుంది. ఓ హద్దు దాటాక మంట తన దాకా రాకముందే అదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ దెబ్బకు పుట్టే ఒత్తిడి అలలు గది గోడలను కొడతాయి. మనకు వినిపించే మోత అదే. లోహాన్ని మంట వేడి నుంచి కాపాడే పల్చటి వాయువు పొరను ఆ అలలు చెదరగొడతాయి. పిస్టన్ నెత్తి కరుగుతుంది, రింగుల గాడుల మధ్య అంచులు విరుగుతాయి, గాస్కెట్ కాలుతుంది. కంప్రెషన్ పెంచితే మంట పుట్టక ముందే మిశ్రమం మరికొన్ని పదుల డిగ్రీలు వేడెక్కి ఉంటుంది గనుక ఈ ప్రమాదం ఇంకా దగ్గరవుతుంది. ఫోర్డ్ మోడల్ టీ వంటి కార్లు ఆ రోజుల్లో 4 చుట్టుపక్కల కంప్రెషన్‌తోనే సరిపెట్టుకోవడానికి కారణం ఇదే.

దోషం పెట్రోలుదని తేలింది. మరి మందేమిటి? మంచు కరగకముందే పూసే ఓ అడవి మొక్క కెటరింగ్‌కు గుర్తొచ్చింది. దాని ఆకుల అడుగు ఎరుపు. ఆ ఎరుపే వేడిని పట్టుకుంటుందేమో, పెట్రోలుకు ఎర్ర రంగు కలిపితే త్వరగా ఆవిరవుతుందేమో అని ఊహించారు. నూనెలో కరిగే ఎర్ర రంగు ఆ పూట దొరకలేదు. అల్మారాలో అయోడిన్ ఉంది. కిరోసిన్‌లో కలిపి ఇంజిన్ నడిపారు. మోత ఆగింది! మర్నాడు రకరకాల ఎర్ర రంగులు తెప్పించి పోశారు. ఒక్కటీ పనిచేయలేదు. రంగు సిద్ధాంతం తప్పే. కానీ పెట్రోలులో ఏదో ఒకటి కలిపి మోతను ఆపవచ్చన్న సంగతి మాత్రం ఆ తప్పులోంచే దొరికింది.

అక్కడి నుంచి ఐదేళ్ల వేట. అయోడిన్ ఖరీదెక్కువ, పైగా లోహాన్ని తినేస్తుంది. అనిలిన్ పనిచేసింది గానీ వాసన భరించలేరు. టెల్లూరియం ఇంకా బాగా పనిచేసింది. దాని కంపు మాత్రం ఎన్నిసార్లు స్నానం చేసినా ఒంటిని వదల్లేదు. చివరికి మూలకాల పట్టికను ముందేసుకుని, ఏ వరుసలో కిందికి దిగితే గుణం పెరుగుతోందో చూస్తూ, ఒక్కో మెట్టూ దిగుతూ సీసం దగ్గరికి చేరారు. 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్‌ను పెట్రోలులో కలిపి ఒంటి సిలిండర్ ఇంజిన్ తిప్పారు. కొద్ది చుక్కలకే నాకింగ్ మాయమైంది.

గదిలో ఉన్నవాళ్లకు అది పండగ. 4 దగ్గర ఆగిపోయిన కంప్రెషన్‌కు ఇక దారి తెరుచుకున్నట్టే. కానీ సీసం విషమని అప్పటికే వేల ఏళ్లుగా లోకానికి తెలుసు.

సముద్రం అవతల మరో దారి

అదే కాలంలో ఇంగ్లండులో హ్యారీ రికార్డో అనే ఇంజనీర్ ఇదే చిక్కుముడిని వేరే కొస నుంచి విప్పుతున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ట్యాంకులకు ఇంజిన్ రూపొందించిన మనిషి. మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే అంటుకోవడమే నాకింగ్ అని ఆయనకూ స్పష్టమైంది. ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. మంట నడవాల్సిన దూరాన్ని తగ్గిస్తే?

ఆ రోజుల్లో సైడ్ వాల్వ్ ఇంజిన్లలో గది పలకలా పరుచుకుని ఉండేది. రికార్డో దాన్ని వాల్వుల పైకి జరిపి చిన్నదిగా, గుబురుగా చేశాడు. పిస్టన్ నెత్తికీ హెడ్‌కూ మధ్య సన్నని సందు మాత్రమే మిగిల్చాడు. పిస్టన్ పైకి రాగానే ఆ సందులోని మిశ్రమం పిండినట్టు గదిలోకి దూసుకొచ్చి సుడి తిరుగుతుంది. సుడిలో మంట వేగంగా పాకుతుంది. చివరి మూల వేడెక్కేలోపే అంతా మండిపోతుంది. విషం అక్కర్లేదు. లోహాన్ని మలచిన తీరుతోనే మోత వెనక్కి తగ్గింది.

నడుస్తుండగానే కంప్రెషన్ మార్చగల ఇంజిన్‌ను తయారుచేసి, ఆయన రకరకాల ఇంధనాలను పరీక్షించాడు. బోర్నియో నూనె నుంచి వచ్చే, టోలుయీన్ వంటి పదార్థాలు మెండుగా ఉన్న పెట్రోలు నాకింగ్‌ను బాగా తట్టుకుంటుందని గుర్తించాడు. అప్పటిదాకా దాని విలువ తెలియక చాలా భాగం వృథా చేసేవారు. మనం ఇవాళ బంకులో వినే ఆక్టేన్ నంబర్‌కు వేసిన తొలి అడుగుల్లో ఇదీ ఒకటి. 1920ల మధ్యలో గ్రాహం ఎడ్గర్ ఆ కొలబద్దకు తుది రూపమిచ్చాడు. మోతను బాగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు 100, తేలిగ్గా మోగే హెప్టేన్‌కు సున్నా. ఏ పెట్రోలునైనా ఈ రెండింటి మిశ్రమంతో పోల్చి అంకె వేస్తారు. ఆ పోలిక చేసే ఇంజిన్ కూడా కంప్రెషన్‌ను పెంచుతూ, మోత ఎక్కడ మొదలవుతుందో చూసే ఇంజినే.

రికార్డో చూపిన దారిని ముందుకు తీసుకెళ్లినవాళ్లలో హ్యారీ వెస్లేక్ ఒకడు. గుండె ఆకారంలో ఉండే మంట గది ఆయన రూపకల్పన. రెండు వాల్వుల మధ్యకు లోహం ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. బి-సిరీస్ ఇంజిన్ హెడ్‌లో ఉన్నది ఆ గదే. అసెంబ్లీ గేట్లలోకి వెళ్లిన తెల్ల అంబాసిడర్లలో, నాంపల్లి స్టేషన్ ముందు ప్రయాణికుల కోసం కాచుకున్న ట్యాక్సీల్లో, అబిడ్స్ జీపీవో సర్కిల్ చుట్టూ తిరిగిన ఎన్నో అంబాసిడర్ పెట్రోలు బండ్లలో దశాబ్దాల పాటు నిప్పు పుట్టింది ఆ గుండె గదుల్లోనే. హెడ్ కోయించే ముందు ఆ ఆకారం వైపు ఓసారి శ్రద్ధగా చూడాలి. అది ఎవరో తోచినట్టు తవ్విన గుంట కాదు. సీసం పోయకుండానే మోతను తగ్గించవచ్చని నమ్మిన మనుషుల ఆలోచన అక్కడ ఇనుములో పోతపోసి ఉంది.

మన ఇప్పపువ్వు చెప్పిన మాట

ఇంకో దారి కూడా ఉండేది. అది మన గడప దాకా వచ్చి వెనుదిరిగింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో పెట్రోలుకు కటకట ఏర్పడింది. మోటార్లకు వేరే ఇంధనం ఏముందని బ్రిటిష్ సామ్రాజ్యమంతటా వెతికారు. నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ రాజ్యం మీద చూపు పడింది. ఆదిలాబాద్ వంటి అడవి జిల్లాల్లో ఇప్పచెట్లకు లోటు లేదు. ఎండిన ఇప్పపువ్వు టన్నుకు 95 శాతం ఆల్కహాల్ 90 గ్యాలన్ల దాకా వస్తుందని లెక్కగట్టారు. సారాకు వాడేది పోగా, హైదరాబాద్ రాజ్యం ఒక్కటే ఏటా ఏడు లక్షల గ్యాలన్ల ప్రూఫ్ స్పిరిట్ ఇవ్వగలదని నాటి శాస్త్ర పత్రికలు రాశాయి.

కెమిస్టులకు ఆల్కహాల్ ఎందుకు ముద్దంటే, అది నాకింగ్‌ను గట్టిగా తట్టుకుంటుంది. దాని ఆక్టేన్ అంకె 100 దాటుతుంది. ఆవిరయ్యేటప్పుడు మిశ్రమాన్ని చల్లబరుస్తుంది కూడా. ఈ సంగతి మిడ్జ్‌లీకి తెలియకపోలేదు. సీసం దొరకడానికి రెండు నెలల ముందు, 1921 అక్టోబర్‌లో, 30 శాతం ఆల్కహాల్ కలిపిన పెట్రోలుతో కంప్రెషన్ పెంచిన కారును ఆయనే డేటన్ నుంచి ఇండియానాపొలిస్ ఇంజనీర్ల సభకు నడిపించుకుని వెళ్లాడు. దారి పొడవునా ఇంజిన్ శుభ్రంగా నడిచింది.

మరి సీసమే ఎందుకు గెలిచింది? ఆల్కహాల్ అయితే పదో వంతో, అయిదో వంతో కలపాలి. అంత సరుకు ఎక్కడి నుంచి తేవాలన్నది ఒక ప్రశ్న. ఆ మేరకు పెట్రోలు అమ్మకం తగ్గుతుందన్నది ఇంకో లెక్క. పైగా ఆల్కహాల్‌ను ఎవరైనా కాచుకోవచ్చు, దాని మీద ఒకరికి హక్కు చెల్లదు. సీసమైతే కొద్ది చుక్కలు చాలు, పేటెంటూ దొరుకుతుంది. లాభం ఎటు ఉందో నిర్ణయం అటే వెళ్లింది. అమ్మకానికి పెట్టేటప్పుడు పేరులో సీసం అన్న మాట లేకుండా జాగ్రత్తపడ్డారు. ఇథైల్ అని మాత్రమే పిలిచారు. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోని ఓ బంకులో మొదటి గ్యాలన్లు అమ్ముడయ్యాయి.

ఆ ఏడాది మొదట్లోనే మిడ్జ్‌లీ ఒంట్లోకి సీసం ఎక్కింది. పని ఆపి, మంచి గాలి కోసం ఫ్లోరిడా వెళ్లాల్సి వచ్చింది.

చేతులు కడుక్కున్న రోజు

1924 అక్టోబర్ చివరి వారం. న్యూజెర్సీలోని బేవే. స్టాండర్డ్ ఆయిల్ రిఫైనరీలో టెట్రాఇథైల్ లెడ్ తయారుచేసే విభాగం. అక్కడ పనిచేసేవాళ్లలో కొందరు ఉన్నట్టుండి కంగారుపడటం, లేని మనుషులను చూసి పరుగెత్తడం మొదలుపెట్టారు. తోటి కార్మికులు అప్పటికే ఆ సరుకును పిచ్చి గ్యాస్ అని పిలుస్తున్నారు. ఒకడు మతి చలించి చనిపోయాడు. తర్వాత ఇంకొకడు. రోజుల తేడాలో ఐదుగురు పోయారు. 30 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. కొందరిని కట్టేసి ఉంచాల్సి వచ్చింది. ద్రవ రూపంలోని ఈ సీసం చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది, నేరుగా మెదడును పట్టుకుంటుంది.

అక్టోబర్ 30న న్యూయార్క్‌లో విలేకరులను పిలిచారు. వాళ్ల ముందు మిడ్జ్‌లీ ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని కడుక్కున్నాడు. సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని నిమిషం సేపు పీల్చాడు. చూడండి, ప్రమాదం లేదన్నట్టు. ఏడాదిన్నరకు పైగా కిందట అదే సీసం తనను మంచం ఎక్కించిన సంగతి ఆయనకు తెలుసు. ఈ కథ మొత్తంలో నా మనసు ఒప్పుకోని ఘట్టం ఇదొక్కటే. ఫొటో తీసి, కొలిచి, తప్పు ఊహను తప్పని ఒప్పుకున్న పరిశోధకుడు అక్కడ సాక్ష్యాన్ని పక్కన పెట్టేశాడు.

న్యూయార్క్ నగరం ఆ పెట్రోలును నిషేధించింది. 1925 మే నెలలో వాషింగ్టన్‌లో సభ జరిగింది. హార్వర్డ్ నుంచి వచ్చిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్, యేల్ శాస్త్రవేత్త యాండెల్ హెండర్సన్ గట్టిగా హెచ్చరించారు. ఫ్యాక్టరీలో ఐదుగురి చావు కళ్లకు కనిపించింది, వీధుల్లో కొద్దికొద్దిగా ఎక్కే విషం ఎవరికీ కనపడదు, అసలు ముప్పు అదేనన్నది వాళ్ల వాదన. కమిటీ వేశారు. 1926లో, నిషేధించడానికి తగిన కారణం కనిపించలేదని అది తేల్చింది. అమ్మకాలు మళ్లీ మొదలై ప్రపంచమంతా పాకాయి. కంప్రెషన్ 4 నుంచి 6కు, 7కు, 8కి, 9కి ఎగబాకింది.

భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చిన క్లెయిర్ పాటర్సన్ 1965లో సీసం మీద ఓ వ్యాసం ప్రచురించాడు. మనుషుల ఒంట్లో ఉన్న సీసం ప్రకృతి ఇచ్చింది కాదని, మనం చేతులారా నింపుకున్నదని అందులో చూపించాడు. పరిశ్రమ ఆయన్ను దూరం పెట్టింది. ఆయన వెనక్కి తగ్గలేదు. హామిల్టన్, హెండర్సన్ చెప్పింది నిజమని లోకం ఒప్పుకోవడానికి మరో పదేళ్లకు పైనే పట్టింది.

ఆ విషం మన నగరాన్నీ వదల్లేదు. 1990ల చివర్లో బెంగళూరుకు చెందిన జార్జ్ ఫౌండేషన్ హైదరాబాద్ సహా పెద్ద నగరాల్లో పిల్లల రక్తాన్ని పరీక్షించింది. సగం మందికి పైగా పిల్లల్లో డెసీలీటరుకు 10 మైక్రోగ్రాములను మించి సీసం ఉంది. బడి వదలగానే అబిడ్స్ రోడ్డు పొగలో నిలబడి బస్సు కోసం చూసిన ఆ తరం పిల్లలు ఇవాళ నడివయసు దగ్గరికి వచ్చారు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో సీసం పెట్రోలు ఆపేసింది. డేటన్‌లో ఆ ఒంటి సిలిండర్ ఇంజిన్ తిరిగి అప్పటికి దాదాపు వందేళ్లు.

ఇప్పుడు ఎంత కోయాలి?

ఈ కథంతా తెలిసినవాడికి హెడ్ కోత ఇక మామూలు లేత్ పనిలా కనిపించదు. అయినా పని జరగాలి. పాత ఇంజిన్‌కు కొత్త ప్రాణం పోయడం మంచి పని. దాన్ని బాధ్యతగా చేయడానికి లెక్కలు ఇవి.

మొదటిది బోరింగ్. సిలిండర్ల వ్యాసాన్ని 40 థౌ, అంటే అంగుళంలో 40 వెయ్యో వంతులు, పెంచి బోరు చేయిస్తే ఒక్కో పిస్టన్ లాగేది 372 నుంచి దాదాపు 383 సీసీలవుతుంది. పైన మిగిలే చోటు అలాగే 60 సీసీలుంటే, హెడ్‌ను ముట్టుకోకుండానే కంప్రెషన్ 7.2 నుంచి 7.4 దగ్గరికి వచ్చేస్తుంది. ఈ సంగతి మరిచి పాత లెక్కతో హెడ్ కోయించినవాళ్లు తాము అనుకున్నదాని కన్నా ఎక్కువే పెంచుకుంటారు. బోరింగ్ తర్వాత 8 చేరాలంటే తగ్గించాల్సింది 5 సీసీల పైచిలుకు మాత్రమే.

రెండోది గాస్కెట్. సిలిండర్ నోటి మేర లెక్కేస్తే గాస్కెట్ ఒక్క మిల్లీమీటరు మందం 4 సీసీలకు పైనే చోటిస్తుంది. పాతది ఎంత మందం, కొత్తది బిగించాక నలిగి ఎంతవుతుంది అన్నది కొలవకుండా కోత లెక్క వేయకూడదు. నాలుగు గదులూ ఒకే కొలతకు రావాలి. ఒకదాంట్లో రెండు సీసీలు తక్కువున్నా ముందు మోగేది ఆ సిలిండరే.

మూడోది వాల్వ్ సీట్లు. సీసం వల్ల ఒక్క మేలు జరిగేది. పోత ఇనుము హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ కూర్చునే అంచు అరిగిపోకుండా అది పూతలా కాపాడేది. సీసం లేని పెట్రోలులో ఆ రక్షణ లేదు. హెడ్ దించినప్పుడే గట్టి లోహపు సీట్లు వేయించడం వివేకం. ఆ ఖర్చు భవిష్యత్తుకు పెట్టుబడి.

నాలుగోది మన ఎత్తు, మన ఎండ. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల దాకా ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తీరంలో కన్నా ఆరు శాతం దాకా తక్కువ. పల్చటి గాలి కాబట్టి నాకింగ్ కూడా కాస్త తక్కువే వినిపిస్తుంది. నాంపల్లి నుంచి ట్యాంక్‌బండ్ దాకా తిప్పి చూసి, మోత లేదని సంతోషపడి నిప్పురవ్వ టైమింగ్ ముందుకు పెట్టేసి, మే నెలలో విజయవాడ బయలుదేరితే సూర్యాపేట దాటి పల్లానికి దిగేకొద్దీ గాలి చిక్కనవుతుంది, వేడి పెరుగుతుంది, అదే ఇంజిన్ మోగుతుంది. కంప్రెషన్ పెంచిన ఇంజిన్‌కు టైమింగ్ కొంచెం వెనక్కే ఉండాలి. పరీక్ష ఎండలో, బరువుతో, పల్లపు నేలలో జరగాలి. రేడియేటర్, బ్లాకులోని నీటి దారులు పట్టిన మడ్డి వదిలేదాకా కడగాలి. వేడి దిగని ఇంజిన్‌కు ఏ లెక్కా నిలవదు.

ఐదోది పెట్రోలు. ఇవాళ బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దాని ఆక్టేన్ అంకె 95కు పెరిగిందని 2025లో కేంద్ర పెట్రోలియం శాఖ ప్రకటించింది. అంబాసిడర్ పుట్టిన నాటి మన పెట్రోలుతో పోలిస్తే ఇది ఎంతో పైమెట్టు. 8, 8.3 కంప్రెషన్‌ను ఇది భరించగలదు. మిడ్జ్‌లీ పక్కన పెట్టేసిన ఆల్కహాల్, ఇప్పపువ్వులో నాటి శాస్త్రవేత్తలు చూసిన ఆల్కహాల్, వందేళ్లు ఆలస్యంగా మన బంకు దాకా వచ్చింది. అయితే అది తనతో కొత్త పనులూ తెచ్చింది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లు దానికి తట్టుకోలేవు, మార్చాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది గనుక పాత జెట్టుతో మిశ్రమం పల్చబడి ఇంజిన్ వేడెక్కుతుంది. జెట్టు ఓ సైజు పెంచి, ప్లగ్గుల రంగు చూసుకోవాలి. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు తుప్పు పడుతుంది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఓపిగ్గా వెతికితే ఎప్పుడైనా ఓ పాత మోటారు మాన్యువల్ చేతికి రావచ్చు. అందులోని కొలతలన్నీ ఆనాటి పెట్రోలు కోసం రాసినవి. వాటిని కళ్లకద్దుకుని, ఇవాళ్టి పెట్రోలుకు మళ్లీ లెక్క వేసుకోవాలి.

అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఇక పుట్టే హెడ్లు లేవు. ఒకసారి కోసిన లోహం తిరిగి రాదు. అందుకే నా మాట 8 దగ్గర ఆగమని. 7.2 నుంచి 8.3 దాకా వెళ్తే పుస్తకాల లెక్కలో వచ్చేది నాలుగున్నర శాతమైతే, 8 దగ్గర ఆగినా అందులో ముప్పాతిక వంతు చేతికొస్తుంది. వదులుకునే కాస్తా మే నెల ఎండకు, కల్తీ పెట్రోలుకు, ఏటవాలు ఘాట్‌కు మనం ఉంచే జాగా. మళ్లీ హెడ్ ఫేసింగ్ చేయించాల్సి వచ్చిన నాడు అదే మన మిగులు.

ఇంజిన్ మోగితే దాని నోరు నొక్కడానికి ఏదో ఒకటి పోసేయడం తేలిక. బేవేలో ఐదుగురు ఆ తేలిక దారికి బలయ్యారు. మన పిల్లల రక్తంలోకి సీసం వచ్చింది కూడా ఆ దారినే. రికార్డో, వెస్లేక్ నడిచిన దారి నెమ్మదైనది. మోత ఎక్కడ పుడుతోందో వినడం, గదిని కొలవడం, చేతనైనంత సరిచేయడం, సరిచేయలేని చోట హద్దును ఒప్పుకోవడం. "కొలిసి చెప్తా సార్" అనే ఉస్తాద్ దొరికితే ఆయన అడిగిన కూలీ బేరమాడకుండా ఇవ్వండి. ఆయన నమ్మేదీ ఆ దారినే.